బొటనవేలు లేని చేతికి రీలు

ఎక్కువ బేరింగులున్న రీలు ఇవ్వమని అడిగేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది కదా, అది చదువుకుని వస్తారు. బేరింగులేమైనా చేపలకు కనిపిస్తాయా? ఒడ్డున నిలబడి సముద్రంలోకి గాలం విసిరే మనిషికి కావలసింది వేరు. దారం చుట్టుకునే స్పూలు పెద్దగా, పొడుగ్గా ఉండాలి. దాని అంచు ఏటవాలుగా ఉండాలి, అప్పుడే దారం ఎక్కడా రాసుకోకుండా జారిపోతుంది. లోపలి పళ్ళచక్రాలు గట్టివై ఉండాలి, ఉప్పునీరు వాటి దాకా దూరకూడదు. తిప్పడం కాస్త నిదానమైనా ఫరవాలేదు, నాచు చుట్టుకున్న సీసం గుండుని కూడా లాక్కురాగలగాలి. ఇదంతా చెప్పి, తళతళలాడేవాటిని పక్కకు నెట్టి, మూలనున్నదొకటి తీసి చేతిలో పెడతాను. చాలామంది మొహం మాడ్చుకునే తీసుకుంటారు. మళ్ళీ ఏడాది అదే రీలుకి నూనె వేయించుకోవడానికి వచ్చినప్పుడు మాత్రం నవ్వుతూ వస్తారు.

దుకాణం నాదే. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో మరమ్మతు. మా ఆయన దర్జీ, ఆయన కుట్టుమిషను మేడమీద. నా చేతులకు ఎప్పుడూ గ్రీజు, ఆయన చేతులకు ఎప్పుడూ సుద్దపొడి. ఒకరి చెయ్యి ఒకరం పట్టుకోవాలంటే ముందు ఇద్దరం సబ్బు వెతుక్కోవాలి అంటుంటాడు. సముద్రం అంటే ఆయనకు పడదు. చేప అంటే కంచంలో ఉన్నప్పుడు మాత్రమే పడుతుంది.

రీళ్ళలో రెండు రకాలు. ఒకదానిలో స్పూలు కదలదు. దాని చుట్టూ ఒక తీగ కమాను తిరిగి దారాన్ని చుడుతుంది. విసిరేటప్పుడు కమాను తెరిచి, దారాన్ని చూపుడువేలికి తగిలించుకుని, ఊపు వచ్చినప్పుడు వేలు వదిలితే సరి. నేను వాడేది అదే, అమ్మేదీ ఎక్కువగా అదే. రెండోది డ్రమ్ము రీలు. అందులో స్పూలే గిర్రున తిరుగుతూ దారాన్ని వదులుతుంది. దాన్ని బొటనవేలితో అదిమి పట్టుకోవాలి, వదలాల్సినప్పుడు వదలాలి, గుండు నీళ్ళలో పడీ పడగానే మళ్ళీ అదిమి ఆపాలి. రెప్పపాటు ఆలస్యమైతే స్పూలు తన పాటికి తాను తిరిగి, దారమంతా జుట్టు చిక్కుపడ్డట్టు అవుతుంది. డ్రమ్ము రీలు వాడేవాళ్ళకు దాంతోనే పొగరు. ఆ పొగరు మా వియ్యంకుడికి ఉన్నంతగా నేనింకెవరిలోనూ చూడలేదు.

ఆయన వడ్రంగి. మా అమ్మాయిని వాళ్ళబ్బాయికి ఇవ్వక ముందు నుంచే మేమిద్దరం ఒకే ఒడ్డున, పక్కపక్కన నిలబడి గాలాలు వేసేవాళ్ళం. పెళ్ళి కుదిరిందీ ఆ ఒడ్డు పుణ్యమే. పిల్లలిద్దరూ మాకు టీ ఫ్లాస్కులు మోసుకొచ్చేవారు. మేము చేపల గురించి పోట్లాడుకుంటుంటే వాళ్ళు కబుర్లాడుకునేవారు. ఒకరోజు వెనక్కి తిరిగి చూస్తే ఫ్లాస్కులున్నాయి, పిల్లలు లేరు. ఆ పెళ్ళితో ఆయన నాకు అన్నయ్యగారయ్యాడు, నేను ఆయనకు చెల్లెమ్మనయ్యాను. గౌరవం అక్కడితో సరి. నా రీలుని ఆయన పిండిమర అనేవాడు. "ఇవాళ ఎన్ని మానికలు ఆడించావు?" అని అందరి ముందూ అడిగేవాడు. నేను ఊరుకునేదాన్నా? ఆయన చిక్కు విప్పుకుంటూ కూర్చున్న రోజున స్వెట్టరెప్పటికి పూర్తవుతుందని అడిగేదాన్ని. ఆడపిల్ల తల్లివి, కాస్త నోరు తగ్గించుకో అని మా ఆయన మొత్తుకునేవాడు. తగ్గించుకుంటే వియ్యంకుడికే తోచదని నాకు తెలుసు.

మొన్న చలికాలంలో కార్ఖానాలో చెక్కలు కోసే బల్లరంపం ఆయన కుడిచేతి బొటనవేలిని తీసుకుపోయింది. మొదలంటా పోయింది. ఆసుపత్రిలో కుట్లు వేసి పంపించారు. గాయం త్వరగానే మానింది. మానిన వారానికే పొద్దున్నే గాలం కర్ర భుజాన వేసుకుని ఒడ్డుకి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. పాత డ్రమ్ము రీలు బిగించి, చూపుడువేలితో స్పూలుని అదిమి విసిరాడు. గుండు నీళ్ళలో పడింది. వేలు స్పూలు మీద జారింది, ఆగలేదు. దారం పొంగి, పొర్లి, రీలు నిండా ఉండ కట్టింది. ఆయన విప్పే ప్రయత్నం కూడా చెయ్యలేదు. చాకు తీసి దారాన్ని మొత్తం కోసేసి, కర్ర ఎత్తుకుని, నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రాలేదు. ఇంట్లో ఉంటున్నాడని, కార్ఖానాకి వెళ్ళినా కుర్చీలో కూర్చుని వస్తున్నాడని, పలకరిస్తే ఊఁ అంటున్నాడని మా అమ్మాయి చెప్పేది. నా పక్కన ఖాళీగా ఉంటే నాకు చేప పడినా మజా లేదు. ఎవరితో పోట్లాడను? ఒడ్డున వేరేవాళ్ళు లేక కాదు. వాళ్ళు నా మాటకు గంగిరెద్దుల్లా తలూపుతారు, నాకేమో ఎదురు చెప్పేవాడు కావాలి. సిగ్గెందుకు, ఆయన లేక నాకు దిగులు పట్టుకుంది.

ఒక మధ్యాహ్నం మా అమ్మాయి ఫోను చేసింది. మామగారు కర్రలూ రీళ్ళూ ముందుగదిలోకి తెచ్చి గోడకు ఆనించాడట. ఆదివారం ఆయన తమ్ముడు వచ్చి మొత్తం పట్టుకుపోతాడట. అత్తగారు అడిగితే, వాడని సామాను ఇంట్లో ఎందుకు అన్నాడట. అత్తగారు వంటింట్లోకి వెళ్ళి ఏడ్చిందట. ఏదో ఒకటి చెయ్యమ్మా అంది. చేస్తానులే అన్నాను. ఏం చెయ్యాలో నాకు అప్పటికే తెలిసిపోయింది. డ్రమ్ము రీలుకి బొటనవేలు కావాలి. నా పిండిమరకి చూపుడువేలు చాలు. ఇంత చిన్న విషయం ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదేమని నా తల నేనే మొట్టుకున్నాను.

అయితే ఏ రీలు? దుకాణం నిండా ఉన్నాయి, ఏదో ఒకటి తీసి ఇస్తే నేను నేనెలా అవుతాను? కరెంటు తీగలకు చుట్టే నల్ల టేపు తెచ్చుకుని, నా కుడిచేతి బొటనవేలిని అరచేతిలోకి మడిచి గట్టిగా చుట్టేశాను. అప్పుడు తెలిసింది లోకం. సీసా మూత రాదు. తాళంచెవి తిరగదు. దువ్వెన జారి కిందపడుతుంది. మా ఆయన కిందికి వచ్చి చూసి, ఇంతకాలానికి నీ చెయ్యి ఎవరో కట్టేశారన్నమాట, నోరు కూడా కట్టేస్తే వాళ్ళకి ఉచితంగా సూటు కుట్టిపెడతానన్నాడు. ఆయన మాటలు పట్టించుకునే తీరిక నాకు లేదు. ఆ కట్టిన చేత్తోనే ఒక్కో రీలూ కర్రకు బిగించాను, కమాను తెరిచాను, వేలికి దారం తగిలించాను, పెరట్లోకి వెళ్ళి ఖాళీ గుండుని గోడవతలికి విసిరాను. పక్కింటి టైలరమ్మ, అదే మా ఆయనకు పోటీ, మా ఇంట్లో దెయ్యం తిరుగుతోందని అందరికీ చెప్పిందని తర్వాత తెలిసింది.

చివరికి ఒకటి నిలిచింది. తేలికైనది, సన్నకాడది. కాడ అంటే రీలుని కర్రకు కలిపే కొమ్ము, పట్టుకున్నప్పుడు అది నడిమి వేళ్ళ మధ్యకు వస్తుంది. దీని కాడ నా వేళ్ళ మధ్య వెన్నలా ఇమిడింది. హ్యాండిల్ ఊడదీసి ఎడమవైపుకి మార్చాను. ఈ రకం రీళ్ళకు ఆ సదుపాయం ఉంది, కుడిచేత్తో కర్ర పట్టుకుని ఎడమచేత్తో తిప్పుకోవచ్చు. కొత్త దారం స్పూలు అంచుకి గోరంత కిందిదాకా నింపాను. అంతకంటే నింపితే చుట్టలు చుట్టలుగా ఊడిపోతుంది, తక్కువైతే దూరం పోదు. దానికి మందపాటి ముందుదారం, గుండు, గాలం కూడా కట్టేశాను. ఇక విసరడమే తరువాయి. నేను ఇంత తెలివైనదాన్ని ఎందుకయ్యానా అని మురిసిపోతూ శుక్రవారం సాయంత్రం వియ్యంకుడి ఇంటికి వెళ్ళాను.

ముందుగదిలో కర్రలు నిజంగానే గోడకు ఆనించి ఉన్నాయి. డ్రమ్ము రీళ్ళు బల్లమీద వరసగా పెట్టి ఉన్నాయి, అన్నీ తుడిచినవే. వదినగారు, అంటే ఆయన భార్య, నన్ను చూడగానే కళ్ళతోనే బతిమాలింది. నేను రీలు తీసి ఆయన ముందు పెట్టి, టేపు దగ్గర్నుంచి మొదలుపెట్టి వివరమంతా చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

"దారం కూడా ఎక్కించేశావు" అన్నాడు.

"ఎక్కించాను."

"గాలం కూడా కట్టేశావు. చేపనొక్కదాన్ని తగిలించి తెస్తే పనైపోయేది కదా చెల్లెమ్మా."

నేను నవ్వబోయాను. ఆయన నవ్వడం లేదు.

"పొద్దున లేస్తే మీ వదిన నా చొక్కా గుండీలు పెడుతుంది. కోడలు పండు ముక్కలు కోసి పెడుతుంది. అబ్బాయేమో వంగి నా చెప్పుల పట్టీ బిగిస్తాడు. కాదనలేక ఊరుకుంటున్నా. ఇప్పుడు నువ్వు రీలు ఎంచి తెచ్చావు. నా ఉలి నేను కాక ఇంకొకళ్ళు ఎంచింది ఎప్పుడైనా చూశావా?"

కోపం నషాళానికి అంటింది. ఆయన కోసం ఒకరోజంతా చెయ్యి కట్టుకుని తిరిగితే ఇదా నాకు దక్కింది? ఆ మాటే అనేశాను. నీ వేలు సాయంత్రానికి విప్పుకున్నావుగా అన్నాడు. అంతే, వదినగారు చేతిలో గ్లాసుతో గుమ్మంలోనే నిలబడిపోయింది. నేను రీలు సంచిలో వేసుకుని లేచాను.

వీధి మలుపు దాకా తిట్టుకుంటూనే నడిచాను. ముసలి మొండిఘటం, రీలు కాదు రోకలి ఇవ్వాల్సింది అనుకున్నాను. మలుపు దగ్గర ఆగాను. నేను రీలు ఎంచుకునేటప్పుడు ఎవరైనా సలహా ఇస్తే ఏం చేస్తాను? దుకాణంలోంచి గెంటేస్తాను. ఉలి పట్టి బతికినవాడికి పనిముట్టు ఎంచడం కంటే పెద్ద సంగతి ఏముంటుంది? నేను వెళ్ళి ఆ ఒక్కటీ కూడా ఆయన చేతిలోంచి లాగేసుకున్నాను. వెనక్కి తిరిగాను. తలుపు ఇంకా తెరిచే ఉంది. గుమ్మంలోంచే గట్టిగా చెప్పాను.

"అన్నయ్యగారూ, రేపు దుకాణం తెరిచే ఉంటుంది. ఏం కావాలో మీరే చూసుకోండి. నేను నోరు విప్పను. కానీ చెత్తది ఎంచుకున్నారో, ఊరంతా చెప్పి నవ్విస్తా."

ఇంటికి వచ్చాక నేను అన్నం సరిగా తినలేదని మా ఆయన గొణిగాడు. రాడేమోనని భయంగా ఉందని ఆయనతో చెప్పాను. వస్తాడు, నువ్వు నోరు విప్పవనే వింత చూడ్డానికైనా వస్తాడు అన్నాడు.

శనివారం పొద్దు బాగా ఎక్కాక వచ్చాడు. ఒక్కడే వచ్చాడు, తన కర్ర ఒకటి వెంట తెచ్చుకున్నాడు. నేను స్పూలు కదలని రీళ్ళన్నీ బల్ల మీద పెట్టి, దూరంగా స్టూలు మీద కూర్చుని, పని ఉన్నట్టు ఒక స్ప్రింగు తుడవడం మొదలుపెట్టాను. ఆ స్ప్రింగు అంత శుభ్రంగా అది పుట్టినప్పుడు కూడా లేదు.

వడ్రంగి రీలు చూసే తీరు చూడాలి. ముందు హ్యాండిల్ పట్టుకుని అటూ ఇటూ కదిపాడు, తిప్పలేదు. ఎంత వదులుందో చూశాడు. వదులున్నవాటిని పక్కన పెట్టేశాడు. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని నిదానంగా తిప్పాడు. గరగరమన్నవి కూడా పక్కకు పోయాయి. ఆ గరగరమన్నవాటిలో ఒకటి నేను అందరికీ గొప్పగా చెప్పి అమ్మేది. నోటి దాకా వచ్చింది, మింగేశాను. ఇక మిగిలినవి ఒక్కోటీ కర్రకు బిగించి కుడిచేత్తో పట్టుకుని చూశాడు. నేను ఎంచిన సన్నకాడ రీలు దగ్గరికి వచ్చేసరికి నా చేతిలో స్ప్రింగు ఆగిపోయింది. పట్టుకున్నాడు, ఊపాడు, తీసి కింద పెట్టాడు.

ఇక ఆగడం నావల్ల కాలేదు. ఏమైంది దానికి అని అడిగాను. మాట ఇచ్చి నిలబెట్టుకోలేదని ఆయన ఎత్తిపొడవలేదు. నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"నువ్వు వేలు కట్టుకున్నావు, బాగానే ఉంది. కట్టిన వేలు ఎక్కడుంది? నీ అరచేతిలోనే ఉంది కదా. నీ గుప్పిట నిండుగా ఉంది. ఇదిగో, నాది చూడు."

అంటూ నా ముందు అరచెయ్యి చాచాడు. ఆ చెయ్యిని అంత దగ్గరగా నేను చూడటం అదే మొదలు. బొటనవేలు ఉండాల్సిన చోట వేలే కాదు, దాని కింది దిమ్మ కూడా సగం లేదు. అక్కడ గుంట. కర్ర ఆ గుంటలోకి దొర్లిపోతుంది. సన్నకాడ వేళ్ళ మధ్య తిరిగిపోతుంది, ఆపేది ఏదీ లేదు. రోజంతా టేపు చుట్టుకుని నేను కనిపెట్టిందల్లా మడిచిన వేలున్న చేతికి రీలు. లేని వేలికి కాదు. నాకు మాట రాలేదు. అలా ఎప్పుడో గాని జరగదు, మా ఆయన అక్కడ లేకపోవడం నా అదృష్టం.

ఆయన ఎంచుకున్నది నేను బల్ల చివర, లెక్కకోసం పెట్టిన పాత రకం. బరువైనది, మొద్దుది, కాడ బండగా వెడల్పుగా ఉంటుంది. దాన్ని కొనేవాళ్ళు లేక ఎన్నాళ్ళుగానో పడి ఉంది. ఆ బండకాడ ఆయన వేళ్ళ మధ్య మేకు దిగినట్టు నిలిచింది. కర్ర తిరగడం మానేసింది. ఆయన ఊపి చూశాడు, మళ్ళీ ఊపాడు.

"ఇది" అన్నాడు.

అక్కడ మాత్రం నేను ఊరుకోలేదు. కాడ బాగుందని కమాను చూడక్కర్లేదా? దాని స్ప్రింగు నీరసించింది, విసిరే ఊపుకి కమాను తనంతట తాను మూసుకుంటే దారం పుటుక్కున తెగి గుండు ఎవడి నెత్తిన పడుతుందో చెప్పలేం. అదీ కాక, స్పూలు ముందున్న బిగింపు మర పూర్తిగా బిగించకుండా విసిరితే దారం జారి చూపుడువేలిని కోసేస్తుంది, ఆయనకు ఇంకో వేలు పోగొట్టుకునే స్తోమత లేదు. ఈ మాట నా నోట్లోంచి దూకేశాక గతుక్కుమన్నాను. ఆయన ఒక్క క్షణం నా మొహం చూసి ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు విని మా ఆయన మేడమీద మిషను ఆపాడు.

ఆ తర్వాత ఇద్దరం పోట్లాడుకుంటూనే పని చేశాం. నేను కమానుకి కొత్త స్ప్రింగు వేశాను. హ్యాండిల్ కుడివైపే ఉండాలని ఆయన పట్టుబట్టాడు, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ కుడిచేత్తోనే తిప్పానన్నాడు. అయితే తిప్పి చూపించమన్నాను. నాలుగు వేళ్ళతో పిడి జారిపోయింది. హ్యాండిల్ ఊడదీసి తనే ఎడమవైపుకి మార్చుకున్నాడు. దారం కూడా తనే ఎక్కించుకున్నాడు, కాస్త ఎక్కువే ఎక్కించాడు, నేను చెప్పలేదు. ఇంటికి వెళ్ళే దారిలో కార్ఖానాకి వెళ్ళి, కర్ర పిడికి కట్టుకోవడానికి ఆ గుంటలో సరిగ్గా కూర్చునే చెక్కదిమ్మ ఒకటి చెక్కుకున్నాడట. ఉలి ఎడమచేత్తో పట్టాడట. మా అమ్మాయి ఫోనులో చెప్తూ చెప్తూ ఏడ్చేసింది.

ఆదివారం పొద్దున తమ్ముడు వచ్చాడు. వియ్యంకుడు డ్రమ్ము రీళ్ళు మొత్తం సంచిలో వేసి ఇచ్చేశాడు, ఒక్కటీ ఉంచుకోలేదు. కర్రలు మాత్రం ఇవ్వలేదు. మధ్యాహ్నం అలలు పోటెత్తుతున్న వేళకి ఒడ్డుకి వచ్చాడు. నేను ముందే వచ్చి నా గాలం వేసి, కర్ర ఇసుకలో పాతి కూర్చున్నాను.

మొదటిసారి వేలు ఆలస్యంగా వదిలాడు. గుండు మా ముందే తడి ఇసుకలో దబ్బున దిగింది. రెండోసారి తొందరగా వదిలాడు, గుండు ఆకాశంలోకి పోయింది, స్పూలు మీద ఎక్కువైన దారం చుట్టలుగా ఊడి వచ్చింది. అది అనుకున్నదే, ఆయన నా వైపు చూశాడు, నేను మేఘాలు చూస్తున్నాను. కూర్చుని ఓపిగ్గా విప్పి, ఎక్కువైన దారం కోసేసి, మళ్ళీ లేచాడు. ఈసారి కాళ్ళు దూరంగా పెట్టి, చెక్కదిమ్మని అరచేతిలోకి నొక్కి, వెనక్కి ఒరిగి విసిరాడు. గుండు అలల వరస దాటి, ఇంకా పోయి, నా గుండు పడిన చోటికి కాస్త ఇవతల పడింది. కాస్త ఇవతలే, నిజం చెప్పాలి కదా.

ఆయనా కర్ర ఇసుకలో పాతి నా పక్కన కూర్చున్నాడు. చాలాసేపటికి ఆయన కర్ర మొన ఒక్కసారి కొట్టుకుంది, మళ్ళీ కొట్టుకుని కిందికి వంగింది. లేచి అందుకున్నాడు. కర్ర మొదలు పొట్టకు ఆనించుకుని, ఎడమచేత్తో తిప్పడం మొదలుపెట్టాడు. చేప పెద్దదే, కర్ర ఒంపు చూస్తేనే తెలుస్తోంది. నా చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది, వెనక్కి లాక్కున్నాను. రీలు పాతబండిలా కదిలింది గాని ఎక్కడా ఆగలేదు. కాడ వేళ్ళ మధ్య కదల్లేదు. చేప ఒడ్డు అల దాకా వచ్చింది, దాని పక్క మెరిసింది, ఇద్దరం చూశాం. అల వెనక్కి తీసేటప్పుడు ఒక్కసారి తల విదిల్చింది. దారం వదులైపోయింది.

ఆయన అలాగే నిలబడ్డాడు. ఇక ఈ చేతి మాటే వస్తుంది, కర్ర ఇసుకలో పారేసి వెళ్ళిపోతాడు, నా పిచ్చి ప్రయత్నం ఇంతటితో సరి అనుకున్నాను. ఓదార్చే మాట ఒకటి వెతుక్కుంటున్నాను, ఓదార్చడం నాకు చేతకాని పని.

"తొందరపడ్డాను" అన్నాడు. "అల వెనక్కి తీస్తుంటే దారం వదలాలి, నేను లాగాను. పిల్లలు చేసే తప్పు. నువ్వేం చూస్తున్నావు చెల్లెమ్మా, నీ కర్ర పడిపోతోంది!"

నా కర్ర నిజంగానే ఇసుకలోంచి ఊడి నీళ్ళ వైపు పోతోంది. పరిగెత్తి పట్టుకున్నాను. కళ్ళనిండా నీళ్ళతో, ఏదీ సరిగా కనిపించకుండా, చుట్టుకుంటూ వచ్చాను. చేప ఒడ్డెక్కింది. మంచి సైజుదే. అంత ఉబ్బిపోకు, నాది దీనికి రెండింతలుంది అన్నాడు. ఒడ్డెక్కని చేపకు సైజేమిటన్నాను. కళ్ళతో చూశావుగా అన్నాడు. నా కళ్ళు అప్పుడు సరిగా లేవన్నాను. సామాను సర్దుకుంటున్నంతసేపూ వాదించాడు, దారి పొడుగునా వాదించాడు, పక్కవాళ్ళు ఆగి చూస్తున్నా లెక్కచెయ్యలేదు. నేను ఒక్క అంగుళం కూడా తగ్గలేదు.

ఇల్లు ఇంకా రానే లేదు, ఆయన గొంతు విని వదినగారు తలుపు తీసేసింది. వెనకాల మా అమ్మాయి. ఆయన చెప్పులైనా విప్పకుండా, కర్ర నా మీదికి తోసి, గుమ్మంలోనే రెండు చేతులూ బార్లా చాచి, రెండు అరచేతులూ విప్పి చూపించాడు.

"ఇంత ఉంది. చెల్లెమ్మ అబద్ధం చెప్తోంది, నమ్మకు. ఇంత ఉంది."

వదినగారు పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన చెప్పిన ఏ చేప సైజూ నమ్మిన మనిషి కాదు. ఆ రెండు చేతుల వంకా అలాగే చూస్తూ, అవునండీ, అంతే ఉంటుంది అంది.